మా తిప్ప ఏడాదిలో ఐదు నెలలే దీవి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో ఒక పేజీ నిండా వేసినారు, ఎక్కడో చల్లటి సముద్రం మధ్యలో చిన్న దీవి, దాంట్లో ఒంటరి ఇల్లు, తాగుడుకు బానిసైన మనిషి ఆ ఇంట్లో ఉండి గాలీ వానా పక్షులూ చూసుకుంటా ఆ అలవాటు నుంచి బయటపడినట్టు. మా ఇంట్లో ఆమె ఆ పేజీ చింపి బియ్యం డబ్బా పైన పెట్టింది, సాయంత్రం నేను షాపు మూసి వస్తానే నా చేతికిచ్చింది, ఏమీ మాట్లాడలే. ఎందుకంటే నేనూ అట్లనే నీళ్ళ మధ్యలో ఒక కొట్టంలో ఉండి బయటపడినోన్నే. చదువుతాంటే కండ్లలో నీళ్ళు వచ్చినాయి. కానీ ఆ రాత్రంతా నిద్ర పట్టలే, ఆ పేజీ చూసి ఎవరైనా వాళ్ళింట్లో తాగే మనిషిని రేపు పొద్దున్నే బండెక్కించి ఏ అడవిలోనో ఏ ఏటి ఒడ్డునో దింపి వస్తారేమో అని. నన్ను మొదటిసారి అట్లనే దింపినారు, చచ్చి బతికినా. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైతాది, ఓపిగ్గా చదవండి, వేస్తే పేరు మాత్రం వేయొద్దు, మా పాప ఇంకా చదువుకుంటాంది.

నాది కర్నూలు, పాతబస్తీ. పని మోటర్ వైండింగ్. బావుల కాడ, బోర్ల కాడ మోటర్లు కాలిపోతే రైతులు ఆటోలో వేసుకొని తెస్తారు, పాత కాయిల్ పీకి, స్టేటర్ (మోటర్లో తిరగకుండా ఉండే భాగం) స్లాట్లు శుభ్రం చేసి, కాపర్ వైరు లెక్క తప్పకుండా చుట్టి ఒక్కో స్లాట్లో దించాల. ఒక్క చుట్టు తప్పినా, వైరు మీద గీత పడినా మోటరు మల్ల కాలుతుంది, రైతు మల్ల వచ్చి నా ముందర నిలబడతాడు, ఆయన చేను ఎండిపోతా ఉంటుంది. ఈ పనికి చేయి నిలకడగా ఉండాల. నాకు 2015 నుంచే పొద్దున పూట చేతులు వణికేవి, ఒక క్వార్టరు పడితే గానీ వైరు స్లాట్లో దిగేది కాదు. తాగి పని చెడగొట్టుకుంటున్నాడు అనుకునేవాళ్ళు జనం, నిజానికి తాగకపోతే పని చేయలేని స్థితికి వచ్చినా నేను. ఈ తేడా తెలియకనే ఇండ్లలో సగం గొడవలు.

మా అమ్మ 1992లో సారాకు ఎదురు తిరిగిన ఆడోళ్ళలో ఒకతి. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన ఆ పోరాటం మా పక్కకు కూడా వచ్చె, అమ్మవాళ్ళు సారా ప్యాకెట్ల మూట లాక్కొని నడిరోడ్డు మీద కాల్చినారు. 1993 అక్టోబర్ 1న సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో మొత్తం మద్యమే నిషేధం, 1997లో దాన్ని ఎత్తేసినారు. నేను 1998లో మొదలుపెట్టినా, పంతొమ్మిదేండ్లకు, షాపులో పని నేర్చుకుంటా ఉన్నప్పుడు. అమ్మ అదంతా కండ్లారా చూసింది. దాని గురించి ఇంతకంటే రాయలేను.

మొదటిసారి తిప్పకు పోయింది 2021 సెప్టెంబర్లో. మా మేనమామ శ్రీశైలం డ్యామ్ వెనక నీళ్ళలో చేపలు పడతాడు. ఆయన ఊరు డ్యామ్ నిండినప్పుడు మునిగింది, అప్పుడు ఇటు మన కర్నూలు పక్క, అటు పాలమూరు పక్క కలిపి వంద దాకా ఊళ్ళు పోయినాయి. అందరూ ఇచ్చిన డబ్బు తీసుకొని యాడికో ఒక పక్కకు పోయినారు, మామ మాత్రం ఊరికి ఎగువన మిట్ట మీద ఉన్న చేను వదల్లే. ఆ మిట్టే ఇప్పుడు తిప్ప. నీళ్ళు నిండితే నాలుగు పక్కలా కృష్ణ, మధ్యలో ఐదారెకరాల రాళ్ళ నేల, నాలుగు వేపచెట్లు, ఒక తుమ్మ, బోదగడ్డి కప్పిన కొట్టం, అంతే. కరెంటు లేదు, అంగడి లేదు, ఒడ్డు నుంచి పుట్టిలో, అంటే గుండ్రటి బుట్ట పడవలో, ముక్కాలు గంట. తిప్ప పేరు రాయను, మామ వద్దన్నాడు.

యాడ మందు దొరకదో ఆడికి పంపితే మానుతాడు అని మా ఇంట్లో ఆమె, మా తమ్ముడు అనుకున్నారు. ఎవరైనా అట్లనే అనుకుంటారు, వాళ్ళ తప్పు లేదు. ఆదివారం రాత్రి ఆఖరు క్వార్టరు తాగినా, సోమవారం పొద్దున బస్సు, మధ్యాహ్నం పుట్టి. సాయంత్రానికే చెమటలు, వణుకు, గుండె దడ, నీళ్ళు తాగినా వాంతి. మామ మజ్జిగ ఇచ్చినాడు, నిమ్మకాయ పిండి ఇచ్చినాడు, పోతుందిలే అల్లుడా, ఓర్చుకో అన్నాడు. ఆ మర్సటి రాత్రి ఫిట్స్ వచ్చినాయి. నాకు ఏమీ గుర్తు లేదు, మామ చెప్పిందే, కండ్లు తేలేసి, నాలిక కొరుక్కొని, నోట్లోంచి నెత్తురంట. ఆ రాత్రి గాలి ఎక్కువుండె, గాలిలో పుట్టి తోస్తే గిర్రున తిరుగుతా యాడికో కొట్టుకపోతుంది, అందుకని అరవై ఐదేండ్ల మనిషి తెల్లారేదాకా నా తల ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు, మధ్యలో ఇంకోసారి వచ్చినాయి. పొద్దున ఆత్మకూరు, ఆడి నుంచి అంబులెన్సులో కర్నూలు. మూడో రోజు నుంచి నాకు గోడ మీద చీమలు, మంచం కింద చనిపోయిన మా నాయన కనిపించేది, నర్సమ్మను పట్టుకొని ఆయనను లేపమని అడిగేవాణ్ణంట.

ఎందుకు ఇట్లయింది అంటే, అప్పుడు నాకు తెలీదు, తర్వాత డాక్టర్ చెప్పినాడు, నర్సింగ్ చదివే మా పాప ఇంకా వివరంగా చెప్పింది. మందు మెదడుకు బ్రేకు లాంటిది. ఏండ్ల తరబడి రోజూ బ్రేకు పడుతుంటే మెదడు దాన్ని తట్టుకోవడానికి తన జోరు పెంచుకుంటా పోతుంది. ఒక్కసారిగా బ్రేకు తీసేస్తే ఆ జోరు మాత్రం అట్లనే ఉంటుంది. మా పనిలో చెప్పాలంటే సీరీస్ మోటర్ని లోడు లేకుండా తిప్పినట్టు, స్పీడు పెరిగి పెరిగి తనను తానే విరగ్గొట్టుకుంటుంది. ఆఖరు పెగ్గు తర్వాత ఆరేడు గంటలకే వణుకు మొదలైతాది, ఫిట్స్ ఎక్కువగా మొదటి రెండు రోజుల్లో వస్తాయి, రెండు మూడు రోజులు దాటినాక మనిషి మతి తప్పే దశ రావొచ్చు, అప్పుడు వైద్యం లేకపోతే ప్రాణం పోతుంది. అందరికీ ఇట్ల కాదు, కానీ రోజూ పొద్దున్నుంచే తాగేవాళ్ళకు, ఇంతకు ముందు ఒకసారి ఫిట్స్ వచ్చినవాళ్ళకు ప్రమాదం ఎక్కువ. ఇంకొకటి కూడా రాయాల, మన ఊర్లల్లో నీరసంగా ఉన్నాడని ఆర్‌ఎంపీని పిలిచి గ్లూకోజు ఎక్కిస్తారు, తాగుడు మనిషి ఒంట్లో బీ1 విటమిన్ అయిపోయి ఉంటుంది, అది ఇవ్వకుండా ఉత్త గ్లూకోజు ఎక్కిస్తే మెదడు ఇంకా దెబ్బతినొచ్చు. పెద్దాసుపత్రిలో నాకు ముందు ఆ బీ1 ఇంజక్షన్లు ఇచ్చినారు, తర్వాత మెదడు జోరు తగ్గించే మాత్రలు ఇచ్చి రోజుకింత తగ్గించుకుంటా వచ్చినారు. మొత్తం వారం పది రోజుల పని. ఆ వారం పది రోజులు ఆసుపత్రిలో జరగాల, ఏటి మధ్యలో కాదు. ఈ ఉత్తరం మొత్తంలో ఇది ఒక్కటి వేసి మిగిలింది తీసేసినా నాకు బాధ లేదు.

అప్పుడు బతికి ఇంటికి వచ్చినా గదా, మూడు వారాలకే మల్ల తాగినా. షాపుకు పోయే దోవలోనే వైన్ షాపు. అప్పుడు ఇంట్లోవాళ్ళు ఒక ప్రైవేటు సెంటర్లో వేసినారు, పేరు ఊరు వద్దు. అప్పు చేసి నెలకు పదహైదు వేలు కట్టినారు. ఒక హాల్లో ముప్పై మంది, కిటికీలకు రేకు కొట్టినారు, బయట పగలో రాత్రో తెలిసేది కాదు, ఎదురు మాట్లాడితే ప్లాస్టిక్ పైపుతో కొట్టేవాళ్ళు, నేనున్న నెలలో డాక్టర్ని చూడలే. బయటికొచ్చిన రోజే తాగినా, ఆ రోజు తాగినంత జన్మలో తాగలే. తర్వాత మా పాప చెప్పింది, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం తాగుడు, డ్రగ్స్ వల్ల వచ్చే మానసిక స్థితి కూడా జబ్బు కిందికే వస్తుందంట, అట్ల మనుషుల్ని పెట్టుకునే సెంటర్లకు రిజిస్ట్రేషన్ ఉండాలంట, కొట్టడం హింసించడం నేరమంట. ఆ హాల్లో ఉన్న ముప్పై మందిలో ఎవరికీ ఈ సంగతి తెలీదు.

రెండోసారి తిప్పకు పోయింది 2022 ఆగస్టులో. ఈసారి ముందు పెద్దాసుపత్రిలో తొమ్మిది రోజులు ఉండి, వణుకు పూర్తిగా పోయినాక, మాత్రల కవరు తీసుకొని పోయినా. డాక్టర్ మామను కూడా పిలిపించి మాట్లాడినాడు, ఏమి జరిగితే వెంటనే తీసుకరావాల, నెలకొకసారి ఎప్పుడు చూపించాల, అన్నీ. ఆ పెద్దాయన చదువుకోలేదు, కానీ ఒక్క మాట మర్చిపోలే. ఇంజిన్ బోటు ఉండే ఇంకో మత్స్యకారుడితో ముందే మాట్లాడిపెట్టుకున్నాడు, అర్ధరాత్రి అయినా వస్తానని.

తిప్ప గురించి రాయమంటే నేను రోజంతా రాస్తా. మీ పేజీలో రాసినంత హాయిగా మాత్రం ఉండదు మొదట్లో. పది పదిహైదు రోజులు నిద్రే లేదు, నీళ్ళు రాళ్ళకు తగిలే చప్పుడు, తీతువు పిట్ట అరుపు, గాలికి కొట్టం గడ్డి కదిలే చప్పుడు, ఇవి వింటా పడుకునేవాణ్ణి. ఒకరోజు గోనెపట్ట కింద కట్లపాము. అక్టోబర్లో మూడు రోజులు ఎడతెరిపి లేని వాన, కొట్టంలో పొయ్యి కూడా అంటుకోలే, నానిన సద్దరొట్టె తిని కూర్చున్నాం. ఏమీ తోచక పిచ్చెక్కినట్టు తిప్ప చుట్టూ తిరిగేవాణ్ణి, పదహారు నిమిషాలకు ఒక చుట్టు. మా నాయన చనిపోయినప్పుడు నేను తాగి ఉన్నా, ఏడవలే, ఆ ఏడుపు పన్నెండేండ్ల తర్వాత ఆ తిప్ప మీద వచ్చె, రెండు రోజులు ఆగలే. మామ చూసి చూడనట్టు వలలు ఆరేసుకుంటా ఉండిపోయినాడు.

నాకు పెద్ద కష్టం సాయంత్రం పొద్దు గూకే టైముది. ఇరవై ఏండ్లు షాపు మూసి మందుకు పోయిన టైము అది. గడియారం లేకున్నా ఒంటికి తెలిసేది, నోరు ఎండేది, చేయి దానంతట అదే జేబులోకి పోయేది, జేబులో రూపాయి లేదు, ఉన్నా ఇచ్చేందుకు అంగడి లేదు. సరిగ్గా ఆ టైముకే నీటికాకులు వచ్చేవి. పగలంతా చేపల కోసం తిరిగి, చీకటి పడేముందర వరుస కట్టి నీళ్ళకు ఆనుకొని ఎగురుకుంటా వస్తాయి, తిప్పకు ఉత్తరం పక్క నీళ్ళలో మునిగి ఎండిపోయిన చెట్లు ఉన్నాయి, వాటి మీద వాలతాయి, రెక్కలు చాపి ఆరబెట్టుకుంటాయి, చోటు కోసం కొట్లాడుకుంటాయి. ఊరికే చూస్తా ఎందుకు కూర్చోవాల అని లెక్కపెట్టడం మొదలుపెట్టినా. లెక్క తప్పితే మల్ల మొదటి నుంచి. అన్నీ వాలి సద్దుమణిగేసరికి అరగంట అయ్యేది, అప్పటికి ఆ తాగాలనే ఊపు కూడా దిగిపోయేది. డాక్టర్ ముందే చెప్పినాడు, ఆ కోరిక కొండ లాగా ఎక్కుతుంది, ఇరవై ముప్పై నిమిషాలు ఓర్చుకుంటే దిగుతుంది అని, ఆసుపత్రిలో వింటే నమ్మలే, తిప్ప మీద నీటికాకులతో పాటు చూసినా. రోజూ ఎన్ని వచ్చినాయో కొట్టం గుంజ మీద బొగ్గుతో రాసేవాణ్ణి. మొదటి రోజు 41. కార్తీకమాసంలో ఒకరోజు 212 రాసినా, ఆ గుంజ ఇప్పటికీ ఉంది.

ఇంకొకటి వలలు. మామ నాకు చిరిగిన వలలు ఇచ్చి కుట్టమన్నాడు, చెక్క సూది, నైలాన్ దారం. మొదట ఒక్క కన్ను ముడి వేయడానికి పావుగంట పట్టేది, ముడి నిలవకుండా జారిపోయేది, విసిరి కొట్టినా ఒకసారి. మామ తీసుకొచ్చి మల్ల నా ముందర పెట్టినాడు, ఏమీ అనకుండా. దసరాకు నా చేతులు నిలబడినాయి. మోటర్ వైండింగ్ చేసేవాడికి చేయి నిలబడడం అంటే ఏందో మీకు ఎట్ల చెప్పాల, తిప్ప మీద వైరు లేదు, స్టేటర్ లేదు, ఆ రోజు నా చేతులు నేనే చూసుకుంటా కూర్చున్నా. నన్ను బాగు చేసింది నీళ్ళ అందం ఒక్కటే అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పని బాగు చేసింది, తెల్లారుజామున నాలుగింటికి లేచి వల తీయడం, చేపను ముల్లు గుచ్చుకోకుండా విడిపించడం, జెల్ల ముల్లు గుచ్చుకుంటే ఆ సలపరం ఓర్చుకోవడం, కట్టెలు ఏరడం, బిందెలతో నీళ్ళు మోయడం. ఆకలి తిరిగొచ్చింది. ఆదివారం అత్త ఒడ్డు నుంచి జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి తెచ్చేది, బొచ్చ చేప పులుసు పెట్టేది, ఆరు రొట్టెలు తినేవాణ్ణి.

మందు అసలే రాలేదా అంటే, వచ్చింది. కోస్తా పక్క నుంచి వచ్చి గుడారాలు వేసుకొని చేపలు పట్టేవాళ్ళు ఉంటారు, పాపం కష్టపడే మనుషులు, చలికి వాళ్ళు ప్యాకెట్లు తాగుతారు. ఒకరోజు ఒకాయన పడవ ఆపి స్నేహంగా ఒకటి అందించినాడు. నేను తీసుకోలే, కానీ పడవ పోయినాక కాళ్ళు వణికి కింద కూర్చున్నా. ఆ రాత్రి పాపకు ఫోన్లో చెప్పినా. తిప్ప పైభాగాన వేపచెట్టు కింద నిలబడితేనే సిగ్నల్, రోజూ ఎనిమిదింటికి ఆడ నిలబడి పాపతో మాట్లాడేవాణ్ణి, మాత్ర వేసుకున్నావా నాయనా అని అడిగేది. పదిహేడేండ్ల పిల్ల.

ఇప్పుడు అసలు విషయం. మీ పేజీలో ఉన్న దీవి సముద్రంలో ఉంది, అది ఎప్పటికీ దీవే. మా తిప్ప అట్ల కాదు. మీ పేపర్లో రోజూ శ్రీశైలం నీటిమట్టం వేస్తారు గదా, పూర్తిమట్టం 885 అడుగులు అని, ఆ అంకె కరెంటోళ్ళకు, కాలువోళ్ళకు ఒక లెక్క, మాకు ఇంకో లెక్క. మామ ఊరి పాత బడి గోడ ఒకటి ఇంకా నిలబడి ఉంది, అది మునిగితే తిప్ప దీవి, అది తేలితే కాదు. సంక్రాంతి దాటినాక నీళ్ళు దిగుతా వచ్చినాయి, ముందు బురద, తర్వాత గట్టి దోవ, తర్వాత మునక భూముల్లో పంట వేసుకునేందుకు జనం నాగళ్ళతో వచ్చినారు, వాళ్ళ వెనకనే బైకుల మీద క్యాన్లల్లో నాటుసారా వచ్చింది. ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున్నే కొట్టం ముందర బండి ఆగిన చప్పుడు వినబడి లేచి చూస్తే సారా అమ్మేవాడు. నీళ్ళు ఉన్నన్ని రోజులు నన్ను నీళ్ళే కాపాడినాయి, ఆ పొద్దున ఇంగ నేనే కాపాడుకోవాల్సి వచ్చె.

ఆ నెలాఖరుకు ఇంటికి వచ్చినా. 2023 మార్చి 23న, ఉగాది మర్సటి రోజు, మా పక్క ఆ రోజు మాంసం వండుతారు, చుట్టాలు కూర్చున్నారు, తాగినా. ఏడు నెలల తర్వాత. దాచిపెట్టి రాయడం నాకు ఇష్టం లేదు. మర్సటి పొద్దున మా ఇంట్లో ఆమె తిట్టలే, ఏడవలే, పద అని ఆటో ఎక్కించి డాక్టర్ కాడికి తీసుకపోయింది. ఆయన కూడా తిట్టలే, ఇది జబ్బులో భాగం, షుగరోడికి షుగర్ పెరిగినట్టు, మాత్ర మార్చుదాం, ఒక మీటింగుకు పో అన్నాడు. ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్ళ మీటింగ్, 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరినొకరు కూర్చోబెట్టి మాట్లాడుకుంటే మొదలైందంట, ఫీజు లేదు, పేరు చెప్పుకోవాల్సిన పని లేదు. వారం వారం పోతున్నా. వైన్ షాపు దోవ తప్పించడానికి మా షాపును వేరే సందుకు మార్చినా, బాడుగ ఎనిమిది వందలు ఎక్కువ. ఆ 23వ తేదీ తర్వాత ఇప్పటిదాకా ముట్టలేదు.

ఏడు నెలలు ఆగినోన్ని ఆ దోవలోకి వస్తానే ఎట్ల పడిపోయినా అని మా పాపను అడిగితే ఒక సంగతి చదివి చెప్పింది. వియత్నాం యుద్ధానికి పోయిన అమెరికా సిపాయిలు ఆడ హెరాయిన్‌కు బానిసలైనారంట, వాళ్ళు ఇంటికి తిరిగొచ్చినాక లీ రాబిన్స్ అనే ఆమె వాళ్ళను వెతికి వెతికి అడిగితే, ఏడాది లోపల మల్ల బానిసలైనవాళ్ళు నూటికి ఐదుగురేనంట. అలవాటైన చోటు, ఆ మనుషులు, ఆ భయం అన్నీ వెనకబడిపోయినాయి కాబట్టి. మాది తిరగబడిన కథ. మేము బాగైన చోటు వదిలి, చెడిపోయిన సందులోకే తిరిగి రావాల. అందుకే దీవికి పంపడం ఎంత ముఖ్యమో, దీవి నుంచి వచ్చేవాడిని ఎట్ల నిలబెట్టుకుంటారు అన్నది అంతకంటే ముఖ్యం, దాని గురించి మీ పేజీలో ఒక్క ముక్క లేదు.

ప్రకృతి వల్ల గుణం లేదని నేను అనడం లేదు, నా మాదిరి మనిషి అట్ల అంటే పాపం తగులుతుంది. 1984లో అమెరికాలో ఉల్రిచ్ అనే ఆయన ఒక ఆసుపత్రి రికార్డులు చూసినాడంట, ఒకే ఆపరేషన్ అయినవాళ్ళు, కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్ళు 23 మంది, ఇటుక గోడ కనిపించినవాళ్ళు 23 మంది, చెట్లు కనిపించినవాళ్ళు తొందరగా ఇంటికి పోయినారు, గట్టి నొప్పి మందులు తక్కువ అడిగినారు. అది విన్నప్పుడు నాకు ఆ సెంటర్లో రేకు కొట్టిన కిటికీలే గుర్తొచ్చినాయి. స్కాట్లాండ్‌కు పైన షెట్లాండ్ అని దీవులున్నాయంట, ఆడ 2018 నుంచి డాక్టర్లు మందుల చీటీతో పాటు ఈ నెల ఈ ఒడ్డున నడువు, ఈ పక్షులు చూడు అని కూడా రాసి ఇస్తున్నారంట. మందులకు బదులు కాదు, మందులతో పాటు. ఆ మాట మీద నాకు గౌరవం పుట్టింది.

మన దగ్గర ఏముంది? 2019లో కేంద్రం వేసిన సర్వే లెక్క ప్రకారం దేశంలో తాగుడు వల్ల సాయం అవసరమైన స్థితిలో ఉన్నవాళ్ళు ఐదు కోట్ల డెబ్బై లక్షల మంది. పూర్తిగా బానిసలైనవాళ్ళలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందుతోంది. మిగిలిన 37 మంది ఇండ్లల్లోనే వణుకుతున్నారు. క్వార్టరు 99 రూపాయలకు దొరికేట్టు చేయడానికి 2024లో పాలసీ వచ్చింది, ఎవరి ప్రభుత్వం అని నేను అడగడం లేదు, అందరి కాలంలోనూ నేను తాగినా. అమ్మకం మీద వచ్చే డబ్బులో కొంచెం తీసి, ఆసుపత్రిలో పది రోజులు అయినాక మూడు నాలుగు నెలలు ఉండి పని చేసుకునే చోటు ఒకటి కట్టలేరా అని అడుగుతున్నా. నల్లమల అంచున, కృష్ణ ఒడ్డున మనకు చోటుకు కొదవ లేదు. సున్నిపెంటలో డ్యామ్ కట్టేటప్పుడు పనివాళ్ళ కోసం వేసిన క్వార్టర్లు ఉన్నాయి, అట్లాంటివి నాలుగు బాగు చేస్తే చాలు. అనంతపురం పక్క అయితే చీనీ తోట, కడప పక్క అయితే పెన్న ఒడ్డు, ఏదైనా సరే, ఒక డాక్టర్ వారానికోసారి వచ్చేట్టు, తలుపులకు తాళం లేకుండా, చేతికి పని ఉండేట్టు. తమిళనాడులో తాగుడు మాన్పించే మద్రాసు టీటీకే ఆసుపత్రి వాళ్ళు పల్లెలోనే క్యాంపు పెట్టి, ఊరోళ్ళనే కలుపుకొని వైద్యం చేసినారు, కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. నాకు మామ ఉన్నాడు, తిప్ప ఉంది. మామ లేనోడు యాడికి పోవాల?

మీకు కూడా ఒక మాట, కోపం చేసుకోవద్దు. ఇట్లాంటి పేజీ వేసినప్పుడు కింద రెండు నంబర్లు వేయండి. మత్తు అలవాట్ల కోసం 14446, మనసు బాగలేకపోతే టెలీ మానస్ 14416, రెండూ ఫ్రీ. రోజూ తాగే మనిషిని ఒక్కసారిగా మాన్పించొద్దు, ముందు డాక్టర్‌కు చూపించండి అని ఒక్క వాక్యం, పెద్ద అక్షరాలతో. ఆ దీవి ఫోటో ఎంత పెద్దగా వేసినారో అంత పెద్దగా కాకున్నా, కనపడేట్టు.

మా వీధిలో ఆటో తోలే అబ్బోడు ఒకడు ఇప్పుడు పెద్దాసుపత్రిలో ఉన్నాడు, ఈ రోజుకు ఆరో రోజు. ముప్పై రెండేండ్లు, ఇద్దరు పిల్లలు. మొన్నటిదాకా చేతులు మంచానికి కట్టి ఉండె, నిన్న పోతే లేచి కూర్చొని ఉప్మా తింటున్నాడు, అన్నా నీ పిట్టల లెక్క నిజమేనా అని అడిగినాడు. శుక్రవారం డిశ్చార్జి చేస్తామన్నారు. రాత్రి మామకు ఫోన్ చేసినా, నీళ్ళు ఎంత దాకా వచ్చినాయి మామా అని. బడి గోడ మునిగింది అల్లుడా, ఇంగ పుట్టిలోనే రావాల, పిల్లోనికి దుప్పటి ఒకటి ఎక్కువ తీసుకరా అన్నాడు.

ఇట్లు,
మోటర్ వైండింగ్ పని చేసుకునే ఒకడు,
పాతబస్తీ, కర్నూలు